33 కేవీ ట్రాన్స్‌ఫార్మర్ చార్జ్ చేస్తే ఎర్త్ ఫాల్ట్ ట్రిప్: సెట్టింగు పెంచాలా, సీటీ చూడాలా?

పరవాడ_యార్డు | సోమవారం, ఉదయం 9:12

అందరికీ నమస్కారం. పరవాడ వైపు ఒక ఫ్యాక్టరీ యార్డు సంగతి. 5 ఎంవీఏ, 33/11 కేవీ, డీవైఎన్11 (33 వైపు డెల్టా, 11 వైపు స్టార్) ట్రాన్స్‌ఫార్మర్, ఇంపీడెన్స్ 7.15 శాతం. 33 వైపు అవుట్‌డోర్ వీసీబీ (వాక్యూమ్ బ్రేకర్). ప్రొటెక్షన్ సీటీలు (లైను కరెంటుని తగ్గించి రిలేకి ఇచ్చే కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్లు) 100/5, 5పీ10, 10 వీఏ. అక్కణ్ణుంచి కంట్రోల్ రూముకి 60 మీటర్లు, 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్. ఫాల్ట్ పసిగట్టి బ్రేకర్‌ని ట్రిప్ చేసే పాత డిస్క్ రిలేలు తీసేసి ఈమధ్యే న్యూమరికల్ (డిజిటల్) రిలే పెట్టారు.

షట్‌డౌన్ తర్వాత చార్జ్ చేస్తుంటే మూడుసార్లకి ఒకసారి ఎర్త్ ఫాల్ట్ (కరెంటు భూమికి పోవడం) మీద ట్రిప్ అవుతోంది. 11 కేవీ బ్రేకర్ ఓపెన్‌లోనే ఉంటుంది, అంటే లోడ్ ఏమీ లేదు. ఎర్త్ ఫాల్ట్ సెట్టింగు 20 శాతం, టీఎంఎస్ (ట్రిప్ సమయాన్ని నిర్ణయించే గుణకం) 0.1. సెట్టింగుని 40 శాతం చేశాం. తగ్గింది గానీ పోలేదు. మెగ్గర్ (ఇన్సులేషన్) వాల్యూలు, ఆయిల్ బీడీవీ (ఎంత ఓల్టేజి తట్టుకుంటుందన్నది) రెండూ బాగున్నాయి. 80 పెట్టేసి ఊరుకోమని పైనుంచి ఒత్తిడి. పాత రిలేలు ఉన్నన్నాళ్లూ ఈ గొడవ లేదు. ఏం చేయమంటారు?

ఎంవీపీ_52ఏ | సోమవారం, ఉదయం 9:40

80 పెట్టకండి. ముందు ఒక్క విషయం ఆలోచించండి. మీ 33 కేవీ వైండింగు డెల్టా. డెల్టాలోకి వెళ్లే మూడు ఫేజుల కరెంట్లూ, ఇన్‌రష్ (చార్జ్ చేసిన క్షణంలో ఎగిసే కరెంటు) అయినా సరే, కూడితే సున్నాయే రావాలి. న్యూట్రల్ లేదు కదా, మిగిలిన కరెంటు తిరిగిరావడానికి దారేది? రిలే మాత్రం సున్నా కాదంటోంది. అంటే ఆ కరెంటు లైన్లో లేదు, సీటీ సెకండరీలో పుట్టింది. మూడు సీటీలు మూడు రకాలుగా సాచురేట్ అయితే (కోర్ నిండిపోయి కరెంటుని సరిగ్గా చూపించలేకపోతే) వచ్చే తేడా అది.

మూడుసార్లకి ఒకసారే ఎందుకంటే, బ్రేకర్ ఓల్టేజి వేవ్‌లో ఏ బిందువు దగ్గర మూసుకుందన్నదాన్ని బట్టి ఇన్‌రష్ మారుతుంది. కోర్‌లో మిగిలిపోయిన రెసిడ్యువల్ ఫ్లక్స్ కూడా దానికి తోడు.

రిలేలోంచి డిస్టర్బెన్స్ రికార్డు తీసి మూడు ఫేజుల వేవ్‌ఫారాలు చూడండి. ఏ ఫేజు ముందు నలిగిందో (సాచురేట్ అయిందో) చెప్పండి. లోడ్ మీద ఉన్నప్పుడు రెసిడ్యువల్ (మూడు ఫేజుల కరెంట్లూ కూడితే మిగిలేది) ఎంత చూపిస్తోందో అదీ రాయండి.

సాగర్‌నగర్_రిలే | సోమవారం, ఉదయం 10:05

ఇంత తవ్వడం దేనికండీ? న్యూమరికల్ రిలే కదా, సెకండ్ హార్మోనిక్ బ్లాకింగ్ (కరెంటులో 100 హెర్ట్జ్ భాగం ఎక్కువుంటే ట్రిప్ ఆపేది) ఆన్ చేయండి. 15 శాతం పెట్టండి. ఇన్‌రష్‌లో 100 హెర్ట్జ్ భాగం మామూలుగా అంతకంటే ఎక్కువే ఉంటుంది. అది కుదరకపోతే ఎర్త్ ఫాల్ట్‌ని 0.2 సెకన్ల డెఫినిట్ టైముకి (స్థిరమైన ఆలస్యానికి) మార్చండి. డెల్టా కాబట్టి 11 కేవీ వైపు ఎర్త్ ఫాల్ట్ జీరో సీక్వెన్స్ (మూడు ఫేజుల్లోనూ ఒకేలా పోయే కరెంటు) రూపంలో ఇటు రాదు, కింది రిలేతో గ్రేడింగు (ఏది ముందు ట్రిప్ అవ్వాలన్న వరుస) గొడవ లేదు.

ఎంవీపీ_52ఏ | సోమవారం, ఉదయం 10:21

గ్రేడింగు మాట ఒప్పుకుంటాను. 0.2 సెకన్లు మాత్రం సరిపోకపోవచ్చు. 20 శాతం, టీఎంఎస్ 0.1 మీద ట్రిప్ అయిందంటే లెక్క చూడండి: సెట్టింగుకి 5 రెట్లు వచ్చినా స్టాండర్డ్ ఇన్వర్స్‌లో (కరెంటు పెరిగేకొద్దీ సమయం తగ్గే కర్వ్‌లో) 0.43 సెకన్లు పడుతుంది. అంటే ఆ దొంగ కరెంటు అంతసేపు నిలబడింది. 5 ఎంవీఏ ట్రాన్స్‌ఫార్మర్ ఇన్‌రష్ అర సెకను దాటి సాగడం మామూలే. ఆలస్యం పెడితే ఒకరోజు దాటుతుంది, ఇంకోరోజు దాటదు.

హార్మోనిక్ బ్లాకింగ్ మంచిదే, వద్దనను. కానీ సీటీ అబద్ధం చెబుతోందని తెలిశాక కూడా రిలేని చెవులు మూసుకోమంటే ఎలా? ఇన్‌రష్‌కే నలిగిపోయే సీటీ అసలు ఫాల్ట్ వచ్చినప్పుడు ఏం చూపిస్తుంది?

టెస్ట్‌కిట్ | సోమవారం, మధ్యాహ్నం 1:30

ప్రశ్నలో ఇచ్చిన అంకెల్లోనే జవాబుంది. లెక్క వేద్దాం.

2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ కిలోమీటరుకి సుమారు 7.4 ఓమ్‌లు. 60 మీటర్లు వెళ్లి తిరిగిరావడానికి 120 మీటర్లు, అంటే 0.89 ఓమ్. 5 ఆంపియర్ల దగ్గర బర్డెన్ (సీటీ మీద పడే భారం) 25 × 0.89, 22 వీఏ పైమాటే. సీటీ నేమ్‌ప్లేటు మీద ఉన్నది 10 వీఏ. రిలే ఇంకా లెక్కలోకి రాకుండానే తీగ ఒక్కటే రెండింతలు మింగేసింది.

5పీ10 అంటే రేటెడ్ బర్డెన్ మీద 10 రెట్ల వరకు కాంపోజిట్ ఎర్రర్ 5 శాతం లోపు ఉంటుందని. బర్డెన్ మారితే ఆ 10 కూడా మారిపోతుంది. సీటీ వైండింగు రెసిస్టెన్స్ 0.15 ఓమ్ అనుకుందాం. రేటెడ్ బర్డెన్ 10 ÷ 25 = 0.4 ఓమ్. అసలు బర్డెన్ తీగ 0.89, రిలే 0.02, మొత్తం 0.91.

10 × (0.15 + 0.4) ÷ (0.15 + 0.91) = 5.2

అంటే ప్రైమరీలో 520 ఆంపియర్లు దాటితే ఈ సీటీని నమ్మలేం. మీ ట్రాన్స్‌ఫార్మర్ ఫుల్ లోడ్ 87.5 ఆంపియర్లు. ఇన్‌రష్ శిఖరం దానికి 8 నుంచి 10 రెట్లు, 700 నుంచి 875. పైగా అందులో డీసీ భాగం ఉంటుంది, అది సీటీ కోర్‌ని ఒకే వైపుకి తోసుకుంటూ పోతుంది. కాబట్టి 520 దాకా కూడా ఆగదు.

రిట్రోఫిట్ చేసేటప్పుడు చాలామంది పప్పులో కాలేసేది ఇక్కడే. కొత్త రిలే బర్డెన్ 0.2 వీఏ కంటే తక్కువని కేటలాగు చూసి సంబరపడతారు. తీగని ఎవరూ అడగరు.

మధురవాడ_గ్రేడింగ్ | సోమవారం, మధ్యాహ్నం 2:02

లెక్క సరైనదే, ఒక చిన్న సవరణ. ఆ 0.89 ఎర్త్ ఫాల్ట్‌కి వర్తిస్తుంది, ఎందుకంటే కరెంటు ఫేజు తీగలో వెళ్లి న్యూట్రల్ తీగలో తిరిగొస్తుంది. మూడు ఫేజుల ఫాల్ట్‌లో న్యూట్రల్ తీగలో కరెంటు ఉండదు, ఒకవైపు తీగే లెక్క, 0.44 ఓమ్. అప్పుడు 10 × 0.55 ÷ 0.61, సుమారు 9 రెట్లు, 900 ఆంపియర్లు.

అదీ చాలదు. 11 కేవీ బస్‌లో మూడు ఫేజుల ఫాల్ట్ వస్తే 33 వైపు కనిపించేది గరిష్ఠంగా 87.5 ÷ 0.0715 = 1224 ఆంపియర్లు. హైసెట్ (భారీ ఫాల్ట్‌కి వెంటనే ట్రిప్ చేసే సెట్టింగు) దానికి 1.3 రెట్లు, అంటే 1600 దగ్గర పెట్టుకోవాలి. 900కే నలిగిపోయే సీటీతో 1600 హైసెట్ ఎప్పటికి పికప్ అవుతుంది? రిలే ఫండమెంటల్ (50 హెర్ట్జ్) భాగాన్నే కొలుస్తుంది, నలిగిన వేవ్‌లో అది సగానికి పడిపోవచ్చు. పేపరు మీద హైసెట్ ఉంటుంది, పనిలో ఉండదు. ఎర్త్ ఫాల్ట్ ట్రిప్ కంటే నాకు ఇదే ఎక్కువ భయం.

డిప్లొమా_కంచరపాలెం | సోమవారం, మధ్యాహ్నం 3:15

సార్, చిన్న సందేహం. పాత డిస్క్ రిలే బర్డెన్ ఇంకా ఎక్కువ కదా. మరి అప్పుడు ఎందుకు ట్రిప్ అవలేదు? కొత్తది తక్కువ బర్డెన్ అయితే ఇంకా మంచిది కావాలి గదా?

ఎంవీపీ_52ఏ | సోమవారం, మధ్యాహ్నం 3:38

మంచి ప్రశ్న తమ్ముడూ. పాత డిస్క్ రిలేలో 20 శాతం ట్యాప్ దగ్గర ఎర్త్ ఫాల్ట్ కాయిల్ చుట్లు ఎక్కువ, ఇంపీడెన్స్ కూడా ఎక్కువ. న్యూట్రల్ దారిలో అది అడ్డుగోడలా నిలబడేది. ఒక సీటీ నలిగితే తేడా కరెంటు రిలే కాయిల్‌లోంచి కాకుండా, నలిగిన సీటీ వైండింగులోంచే చుట్టు తిరిగి పోయేది. స్టెబిలైజింగ్ రెసిస్టర్ చేసే పనీ అదే. కొత్త రిలే ఇంపీడెన్స్ దాదాపు సున్నా, ఏ తేడా వచ్చినా నేరుగా లోపలికి వస్తుంది. అంటే జబ్బు పాతదే, పాత రిలేకి కనిపించలేదంతే.

ఉప్పుగాలి | సోమవారం, సాయంత్రం 6:10

లెక్కలన్నీ మూడు ఫేజులూ ఒక్కలా ఉన్నాయనుకుని వేశారు. మన ఊళ్లో అదెక్కడ? సముద్రం గాలికి యార్డు జంక్షన్ బాక్సులో ఏటి జరుగుతుందో తలుపు తీసి చూడండి ముందు. గ్లాండ్ (కేబుల్ లోపలికి దూరే చోటి బిగింపు) సరిగ్గా బిగించకపోతే లోపలంతా చెమ్మ. లగ్గు (తీగ చివర తొడుగు) మీద పచ్చటి చిలుము పడుతుంది, స్క్రూ గట్టిగానే ఉన్నట్టుంటుంది, కింద కాంటాక్టు ఉండదు. ఒక ఫేజుకి అర ఓమ్ కలిసిందంటే ఆ సీటీ మిగతా రెండింటికంటే ముందే నలుగుతుంది.

ఇలా కొలవండి. లైన్ క్లియర్ (లైను ఆపి పనికిచ్చే అనుమతి) తీసుకోవాలి, ఐసొలేటర్లు రెండువైపులా ఓపెన్, ఎర్త్ రాడ్లు వేయాలి. అది లేకుండా సీటీ సర్క్యూట్ విప్పొద్దు. ప్రైమరీలో కరెంటు ఉండగా సెకండరీ ఓపెన్ అయిందంటే ఆ కరెంటంతా కోర్‌ని మాగ్నటైజ్ చేయడానికే పోతుంది, టెర్మినళ్ల మధ్య వేల ఓల్టులు లేస్తాయి. మనిషి పోతాడు, సీటీ కూడా పోతుంది.

జంక్షన్ బాక్సులో సీటీ వైపు లింకులు విప్పి, కేబుల్ వైపు నాలుగు తీగల్నీ కలిపి షార్ట్ చేయండి. ప్యానెల్ దగ్గర టెస్ట్ బ్లాకు నుంచి ఆర్-ఎన్, వై-ఎన్, బీ-ఎన్ విడివిడిగా కొలవండి. మామూలు మల్టీమీటరు పనికిరాదు, దాని ప్రోబు తీగలే 0.2 ఓమ్ చూపిస్తాయి. నాలుగు తీగల మైక్రో ఓమ్ మీటరు గాని, ఒక ఆంపియరు పంపి మిల్లీఓల్టులు చూసే పద్ధతి గాని వాడండి.

ఇంకోటి. ప్యానెల్‌లో న్యూట్రల్ ఎర్త్ తీగ విప్పి, 500 ఓల్టుల మెగ్గర్‌తో సెకండరీ నుంచి భూమికి చూడండి. సున్నా వస్తే ఎక్కడో రెండో ఎర్త్ ఉన్నట్టే. సీటీ సర్క్యూట్‌కి ఎర్త్ ఒక్కచోటే ఉండాలి. రెండుచోట్ల ఉంటే యార్డుకీ కంట్రోల్ రూముకీ మధ్య భూమి ఓల్టేజి తేడా న్యూట్రల్ తీగలో కరెంటుగా తిరుగుతుంది, రిలే దాన్నీ ఎర్త్ ఫాల్టే అనుకుంటుంది.

సాగర్‌నగర్_రిలే | సోమవారం, రాత్రి 8:44

సరే, నా మాట సగం వెనక్కి తీసుకుంటున్నాను. అయినా సీటీలు ఆర్డరు పెట్టి వచ్చేదాకా ఫ్యాక్టరీ ఆగదుగా. మధ్యలో హార్మోనిక్ బ్లాకింగే దిక్కు. దాన్ని ఐడీఎంటీ (ఇన్వర్స్ టైము) ఎలిమెంట్లకీ, ఎర్త్ ఫాల్ట్‌కీ మాత్రమే పెట్టండి. ఫేజు హైసెట్‌కి పెట్టకండి. ఫాల్ట్ మీదే చార్జ్ చేస్తే ఆపడానికి ఒక్కటైనా ఉండాలి.

పరవాడ_యార్డు | బుధవారం, సాయంత్రం 5:20

నిన్న లైన్ క్లియర్ దొరికింది. కొలతలు ఇవి.

కేబుల్ లూప్: ఆర్-ఎన్ 0.92, వై-ఎన్ 1.74, బీ-ఎన్ 0.91 ఓమ్.

వై ఫేజు లగ్గు విప్పితే ఉప్పుగాలి గారు చెప్పినట్టే పచ్చగా ఉంది, క్రింపు దగ్గర మూడు పోగులు తెగి ఉన్నాయి. కోసి కొత్త లగ్గు వేశాం, 0.93కి దిగింది. ప్యానెల్ ఎర్త్ విప్పినా మెగ్గర్ సున్నా చూపించింది. సీటీ బాక్సులో స్టార్ పాయింటు దగ్గర ఇంకో ఎర్త్ ఉంది. రిలే మార్చినప్పుడు ప్యానెల్‌లో కొత్తగా వేశారు, పాతది తీయలేదు. యార్డులోది తీసేశాం, తర్వాత మెగ్గర్ 40 మెగాఓమ్‌లు.

రికార్డులో మూడో సైకిల్ నుంచే వై ఫేజు వేవ్ ఒకవైపు నలిగిపోయి ఉంది. మిగతా రెండూ ఆరేడు సైకిళ్ల వరకు బాగున్నాయి.

సీటీ సాచురేషన్ టెస్టు కూడా చేశాం. సెకండరీకి ఓల్టేజి పెంచుకుంటూ పోతే 26 ఓల్టుల దగ్గర మోకాలు వంగింది.

టెస్ట్‌కిట్ | బుధవారం, సాయంత్రం 6:02

అతికినట్టు సరిపోయింది. 5పీ10, 10 వీఏ సీటీకి రావాల్సింది సుమారు 10 × 5 × 0.55 = 27.5 ఓల్టులు. మీ సీటీ పాడవలేదు, దాని స్థాయి అంతే. ఓల్టేజి 10 శాతం పెంచితే కరెంటు 50 శాతం పెరిగే చోటునే మోకాలు బిందువు అంటాం, అక్కడే చూశారు కదా? టెస్టు అయ్యాక ఓల్టేజిని మెల్లగా సున్నాకి దించారా? ఒక్కసారిగా తీసేస్తే కోర్‌లో ఫ్లక్స్ మిగిలిపోయి మళ్లీ మొదటికొస్తుంది.

వై ఫేజు 1.74 మీద లెక్క వేస్తే 10 × 0.55 ÷ 1.91, మూడు రెట్లు కూడా లేదు. 290 ఆంపియర్లకే దాని పని అయిపోయింది.

పరవాడ_యార్డు | బుధవారం, సాయంత్రం 6:30

అవును, మెల్లగానే దించాం. ఇక సీటీల సంగతి: 2.5 కేబుల్ తీసి 6 చదరపు మిల్లీమీటర్లది లాగితే చాలదా? సీటీలు మార్చాలంటే యార్డు పని, ఖర్చు.

మధురవాడ_గ్రేడింగ్ | బుధవారం, రాత్రి 7:15

6 చదరపు మిల్లీమీటర్లు కిలోమీటరుకి 3.08 ఓమ్‌లు. 120 మీటర్లకి 0.37. ఎర్త్ ఫాల్ట్‌కి 10 × 0.55 ÷ 0.54, 10 రెట్లు, 1000 ఆంపియర్లు. ఇన్‌రష్ గొడవ చాలావరకు సద్దుమణుగుతుంది. 1600 హైసెట్‌కి మాత్రం అప్పటికీ చాలదు.

100/1 సీటీ పెడితే కథే మారిపోతుంది. అదే 2.5 కేబుల్, అదే 0.89 ఓమ్, ఒక ఆంపియరు దగ్గర బర్డెన్ 0.89 వీఏ. వైండింగు 1.5 ఓమ్ అనుకుంటే 10 × 11.5 ÷ 2.5 = 46 రెట్లు. 60 మీటర్ల దూరం ఉన్న యార్డుకి 5 ఆంపియర్ల సీటీ పెట్టడమే మొదటి పొరపాటు. ఆర్డరులో 100/1, 5పీ20, 10 వీఏ అడగండి. వైండింగు రెసిస్టెన్స్, మోకాలు ఓల్టేజి టెస్టు రిపోర్టులో రాసివ్వాలని కూడా రాయండి.

సీలు వేసిన మీటరింగు సీటీ-పీటీ సెట్ జోలికి మాత్రం పోకండి. అది డిస్కం వాళ్లది.

ఈ సందులో సెట్టింగులు కూడా ఒకసారి సరిచూద్దాం. 11 కేవీ అవుట్‌గోయింగ్ ఫీడరు పికప్ (రిలే పని మొదలుపెట్టే కరెంటు) ఎంత, ఇన్‌కమర్ (ట్రాన్స్‌ఫార్మర్ నుంచి 11 బస్‌కి వచ్చే బ్రేకర్) ఎంత?

పరవాడ_యార్డు | బుధవారం, రాత్రి 7:40

అవుట్‌గోయింగ్ పికప్ 100 ఆంపియర్లు, టీఎంఎస్ 0.1. ఇన్‌కమర్ 300 ఆంపియర్లు, 0.15. 33 వైపు 100 ఆంపియర్లు, 0.15. అన్నీ స్టాండర్డ్ ఇన్వర్స్. 11 బస్ దగ్గర ఫాల్ట్ లెవెల్ సోర్స్ ఇంపీడెన్స్ కలిపి 3000 ఆంపియర్లని స్టడీలో ఇచ్చారు.

మధురవాడ_గ్రేడింగ్ | బుధవారం, రాత్రి 9:05

అవుట్‌గోయింగ్‌కి 3000 అంటే 30 రెట్లు. చాలా రిలేల్లో కర్వ్ 20 రెట్ల దగ్గర చదునైపోతుంది, మీ మాన్యువల్లో చూసుకోండి. 20 దగ్గర 2.27 × 0.1, 0.23 సెకన్లు. ఇన్‌కమర్‌కి 10 రెట్లు, 2.97 × 0.15 = 0.45. తేడా 0.22 సెకన్లే. న్యూమరికల్ రిలే, వీసీబీ ఉంటే కనీసం 0.3 కావాలి. బ్రేకర్ విడిపోవడానికి 60 నుంచి 80 మిల్లీసెకన్లు, రెండు రిలేల ఎర్రర్లు, సీటీ ఎర్రర్, కాస్త మార్జిను, అన్నీ కలిసి అక్కడికే వస్తాయి. డిస్క్ రిలే అయితే కరెంటు ఆగిపోయాక కూడా డిస్క్ కాస్త తిరుగుతుంది కాబట్టి 0.4. మీ ఇన్‌కమర్ 0.18 చేయండి, 0.53 వస్తుంది.

33 వైపుకి 3000 అంటే 1000 ఆంపియర్లు, మళ్లీ 10 రెట్లే. ఇన్‌కమర్‌తో గ్రేడ్ చేయాలంటే 0.28, సమయం 0.83. కానీ ఒకటి గమనించండి. మీకు ఉన్నది ఒకే ట్రాన్స్‌ఫార్మరు, ఒకే ఇన్‌కమరు. రెండింటిలో ఏది ట్రిప్ అయినా పోయేది అదే లోడ్. ఆ మెట్టు వదిలేసినా నష్టం లేదు. పైన డిస్కం 33 ఫీడరు రిలే సమయం తక్కువగా ఉంటే ఇక్కడే సమయం దొరుకుతుంది. కింది నుంచి పైకి లెక్క వేసుకుంటూ పోయి చివర్లో డిస్కం వాళ్లని అడిగేకంటే, ముందు వాళ్ల పికప్, టీఎంఎస్ రాతపూర్వకంగా తీసుకుని పైనుంచి కిందికి రండి.

డీవైఎన్11లో ఇంకో మెలిక. 11 వైపు రెండు ఫేజుల మధ్య ఫాల్ట్ వస్తే అక్కడ కరెంటు మూడు ఫేజుల ఫాల్ట్‌లో 0.866 వంతే. 33 వైపు మాత్రం ఒక లైన్లో పూర్తి కరెంటు, మిగతా రెండింట్లో సగం సగం. ఇన్‌కమర్ తక్కువ చూస్తుంది, 33 రిలే ఎక్కువ చూస్తుంది, మార్జిను రెండువైపుల నుంచీ తరుగుతుంది. ఆ మెట్టు ఉంచుకోవాలనుకుంటే గ్రేడింగు ఈ ఫాల్ట్‌కి కూడా వేసి చూడాలి. మీ ప్యానెల్‌లో ఓవర్‌కరెంట్ మూడు ఫేజులకీ ఉందా, రెండింటికేనా?

పరవాడ_యార్డు | బుధవారం, రాత్రి 9:22

పాత డ్రాయింగులో రెండు ఓసీ (ఓవర్‌కరెంట్), ఒక ఈఎఫ్ (ఎర్త్ ఫాల్ట్). కొత్త రిలేకి మూడూ కలిపారు.

మధురవాడ_గ్రేడింగ్ | బుధవారం, రాత్రి 9:30

బతికించారు. పాత పద్ధతిలో ఆర్, బీలకే రిలేలు ఉంటే, పూర్తి కరెంటు వై లైన్లో వచ్చినప్పుడు రెండు రిలేలూ సగమే చూస్తాయి. సెట్టింగు దిగువన ఉంటే బతికిపోతాం, లేదంటే ట్రాన్స్‌ఫార్మరు వేగుతూ కూర్చుంటుంది.

డిప్లొమా_కంచరపాలెం | గురువారం, ఉదయం 8:10

సార్, కోర్ బ్యాలెన్స్ సీటీ పెడితే ఈ తేడాల గొడవే ఉండదు కదా? మూడు ఫేజులూ ఒకే రింగులోంచి పోతాయి.

ఉప్పుగాలి | గురువారం, ఉదయం 8:35

బ్రేకర్ నుంచి ట్రాన్స్‌ఫార్మర్‌కి కేబుల్ ఉంటే అదే మేలు. వీళ్లది పైన కండక్టరు, రింగు ఎక్కడ దూరుస్తారు? కేబుల్ ఉన్నచోట పెట్టేవాళ్లు ఒకటి మరిచిపోతారు. ఆర్మరుతో సహా కేబుల్ రింగులోంచి వెళ్తే, గ్లాండ్ ఎర్త్ తీగని మళ్లీ అదే రింగులోంచి వెనక్కి తెచ్చి అప్పుడు భూమికి కలపాలి. లేదంటే కేబుల్లో ఫాల్ట్ అయినప్పుడు లోపల వెళ్లే కరెంటు, ఆర్మరులో తిరిగొచ్చే కరెంటు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. రింగు ఏమీ చూడదు.

డీసీ_ప్యానెల్ | గురువారం, ఉదయం 11:00

ఇంతసేపూ రిలే చూస్తుందా లేదా అన్నదే మాట్లాడారు. రిలే చూశాక బ్రేకర్ తెరుచుకోవాలి కదా. షట్‌డౌన్ దొరికినప్పుడే ట్రిప్ కాయిల్‌ని 70 శాతం డీసీ ఓల్టేజి మీద ఆపరేట్ చేసి చూడండి. 110 ఓల్టులైతే 77 దగ్గర కొట్టాలి. ఓల్టేజి కాయిల్ టెర్మినల్ దగ్గర, కరెంటు వెళ్తున్నప్పుడు కొలవాలి. చార్జరు ఆపేసి బ్యాటరీ ఒక్కదాని మీదే కూడా చూడండి, చార్జరు ఉంటే ముసలి బ్యాటరీ కూడా యువకుడిలా కనిపిస్తుంది. ట్రిప్ సర్క్యూట్ సూపర్‌విజన్ (ట్రిప్ సర్క్యూట్ తెగలేదని కనిపెట్టుకునేది) బ్రేకర్ ఓపెన్‌లో, క్లోజ్‌లో రెండింట్లోనూ పనిచేస్తోందా లేదా చూసుకోండి.

పరవాడ_యార్డు | శనివారం, మధ్యాహ్నం 12:15

లగ్గు మార్చి, రెండో ఎర్త్ తీసి, సెట్టింగు మళ్లీ 20 శాతానికి తెచ్చి, 15 శాతం హార్మోనిక్ బ్లాకింగ్‌తో ఈ ఉదయం అయిదుసార్లు చార్జ్ చేశాం. మధ్యలో పది నిమిషాల చొప్పున విరామం ఇచ్చాం. ట్రిప్ లేదు. రికార్డులో వై ఫేజు మిగతా రెండింటిలాగే ఉంది, మూడూ ఆలస్యంగా నలుగుతున్నాయి. లోడ్ మీద రెసిడ్యువల్ 0.03 ఆంపియరు. 100/1, 5పీ20 సీటీలకి ఇండెంటు పెట్టాం. ట్రిప్ కాయిల్ 77 ఓల్టులకి కొట్టింది.

టెస్ట్‌కిట్ | శనివారం, మధ్యాహ్నం 12:50

బాగుంది. సీటీలు వచ్చిన రోజు మరిచిపోకుండా చేయాల్సినవి: రిలే వెనక తీగలు 5 ఆంపియర్ల టెర్మినళ్ల నుంచి 1 ఆంపియరు టెర్మినళ్లకి మార్చాలి, సెట్టింగుల్లో సీటీ సెకండరీ 1 అని మార్చాలి. ఒకటి మార్చి ఇంకోటి వదిలేస్తే రిలే అయిదు రెట్ల తేడాతో చదువుతుంది. పోలారిటీ మూడింటికీ ఒకటే వైపు ఉందో లేదో బ్యాటరీ, అనలాగ్ మీటరుతో చూడండి. ఇంజెక్షన్ టెస్టులో 20 శాతం ఇకపై 0.2 ఆంపియరు. 0.4 పంపితే టీఎంఎస్ 0.1 మీద 1 సెకను, 1 ఆంపియరు పంపితే 0.43 సెకను రావాలి. పాత షీటు చూసి 5 ఆంపియర్లు పంపేయకండి.

ఉప్పుగాలి | శనివారం, మధ్యాహ్నం 1:05

జంక్షన్ బాక్సు గ్లాండ్లు కూడా మార్చేయండి ఆ రోజే. కింద ఖాళీగా ఉన్న కన్నాలకి ప్లగ్గులు పెట్టించండి, పైన కాదు, కిందే. గాలి ఎక్కేది అక్కణ్ణుంచే.